శివారు చేనుకు నీళ్లు తెచ్చిన మా శ్రీను

నిన్న పొద్దున్న ప్రార్థన మధ్యలో ఫోన్ వచ్చింది.

“బ్రదర్ గారూ, మన శ్రీను పోయాడండి. గుండె ఆగిపోయిందంట.”

ఫోన్ పక్కన పెట్టి, ఆపిన చోటి నుంచే ప్రార్థన పూర్తి చేశాను.

ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియడం లేదు.

శ్రీను నా చిన్ననాటి స్నేహితుడు. డిప్లొమా చదివి, మా పొలాల్లో సెన్సర్లు పెట్టినవాడు.

మన డెల్టాలో చేను నిండా నీళ్లు నిలబడకపోతే రైతుకు ముద్ద దిగదు. కాలువ వంతు రాగానే ఎగువ రైతులు చేలు నింపేసుకుంటారు. శివారులో ఉన్న నాలాంటి వాళ్లకు మిగిలేది కాలువ అడుగున బురదే. పోయిన దాళ్వా పంటలో నా చేను కంకి బయటికి రాకముందే, పొట్ట మీదే ఎండిపోయింది.

శ్రీను ఎగువ చేలల్లో చిల్లుల గొట్టాలు పాతి, లోపల సెన్సర్లు పెట్టాడు. నీళ్లు నేలలోకి జానెడు దిగితే రైతు ఫోన్ మోగుతుంది. అప్పటిదాకా తూము తెరవొద్దు. పంటకేం కాదు. ఆ నీళ్లు కిందికి వస్తాయి.

ఎగువ రైతు సూర్రావు బాబాయి ఆగలేకపోయాడు. ఫోన్ త్వరగా మోగాలని గొంతుక్కూర్చుని, గ్లాసుతో గొట్టంలో నీళ్లు తోడడం మొదలుపెట్టాడు.

“ఎంత తోడినా తరగవేంట్రా శ్రీనూ?”

“గొట్టానికి చిల్లులున్నాయి బాబాయ్. నువ్వు తోడేది చేలో నీళ్లు. మధ్యాహ్నానికి క్యారేజీ పంపించమంటావా?”

గట్టు మీద అందరం నవ్వుతుంటే నా వైపు తిరిగాడు.

“నీ మైకులో నువ్వు చెప్పరా. నేను చెప్తే నవ్వుతారు, నువ్వు చెప్తే భయపడతారు.”

ఆ ఆదివారం చర్చి మైకులో గొంతు చించుకుని చెప్పాను. పొరుగువాడి నీళ్లు ఆపిన చేతిని దేవుని ముందు ఎలా చాస్తారని అడిగాను. గుడికి వెళ్లే సూర్రావు బాబాయి కూడా రోడ్డు మీద నిలబడి విన్నాడు.

నిన్న శ్రీను భౌతికకాయం పక్కన బైబిలు తెరిచాను. అక్షరాలు కనపడ్డాయి. చదవకుండానే మూసేశాను.

నిన్న రాత్రి నుంచి ఎగువ రైతుల వంతు మొదలైంది. ఇక అడిగేవాడు లేడు. నా చేను మళ్లీ పొట్ట మీద ఉంది. ఆశ పెట్టుకోలేదు.

ఈ పొద్దున్న వెళ్లి చూశాను.

చేలో పాదం మునిగేంత నీళ్లు.

ఎగువన ఎవ్వరూ తూము తెరవలేదు.

సంతోషం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆ నీళ్లలో అలా నిలబడి ఉన్నాను.

శ్రీనూ, వాళ్లు నీ మాట విన్నార్రా.

ఇక పడుకో. నేను నమ్మిన ప్రభువు నీకు శాంతినిచ్చుగాక.