దూలం దించేసిన పైనమ్మ

నిండు నీళ్ల డ్రమ్మును ఆరంతస్తుల ఎత్తు నుంచి చుక్క ఒలకకుండా క్రేనుతో దించడం పైనమ్మ సాధించిన మొదటి విజయం. దానికామెకు ఒక వేసవి మొత్తం పట్టింది. అన్నాళ్లూ కింద నిలబడ్డ మేస్త్రీ రోజూ తడిసి ముద్దయ్యేవాడు. ఏడో తరగతితో బడి మానిన మనిషి ఆ తర్వాత రెండు ఆసుపత్రులకు, ఒక ధాన్యం గోదాముకు, మూడు వంతెనలకు బరువులెత్తింది. ఆమె చేతి కింద ఒక్కరికీ గోరు చిట్లలేదు. ఇలా చెప్పుకోదగ్గవాళ్లు ఆ పనిలో ఎందరుంటారు?

పొద్దున్నే నిచ్చెనెక్కితే చీకటిపడేదాకా ఆమెకు అద్దాల గది, రెండు లీవర్లు, టిఫిను డబ్బా, అంతే. పలకరించేది వాకీటాకీలో మేస్త్రీ గొంతొక్కటే.

"పైనమ్మా, అంత ఎత్తున ఉన్నావు గదా, దేవుడు కనిపిస్తే మా సెలవుల సంగతి అడుగు."

"అడిగాను మేస్త్రీ. ఆయనకే దొరకలేదట."

నవ్వు అయిపోగానే మళ్లీ గాలి చప్పుడే.

నాలుగో వంతెనకు ఆఖరి దూలం మిగిలింది. అది కూర్చుంటే ఆ రాత్రి బస్సుకే ఇంటికి; అందాకా క్రేను వదిలి కదలడానికి లేదు. కూతురు నర్సు చదువుకని ఇరవయ్యో తేదీన హాస్టలుకు వెళ్లిపోతోంది. "పెట్టె నువ్వొచ్చాకే సర్దుకుంటానమ్మా," అంది ఫోనులో.

ఆ పొద్దున గాలి కొలిచే మీటరు ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలో ఆడుతోంది.

"నీ ఇష్టం తల్లీ," అన్నాడు మేస్త్రీ.

ఎత్తింది. దూలం మోకాలెత్తు లేచిందో లేదో ఊగడం మొదలుపెట్టింది. ఊగే బరువు ఎటు పోతే, క్రేను చేతి మీద కొక్కేన్ని మోసుకుతిరిగే ట్రాలీని అటే, దాని నెత్తిమీదికి తోలాలి. అప్పుడే అది కుదుటపడుతుంది. వెనక్కి లాగితే ఊపు పెరుగుతుంది. కొత్తవాళ్లంతా వెనక్కే లాగుతారు. ఇన్నేళ్లు క్రేను నడిపిన పైనమ్మ ఆ రోజు వెనక్కి లాగింది.

కింద కూలీలు చెల్లాచెదురయ్యారు. పైనమ్మ తేరుకుని, దూలం చివరిదాకా ఊగిపోయి ఆగే క్షణం చూసి ట్రాలీని దాని మీదికి తోలింది. ఇంకోసారి తోలింది. ఊపు చచ్చాక మళ్లీ నేల మీది దిమ్మెల మీదికే మెల్లగా దించింది.

"ఏమ్మా, మళ్లీ నన్ను తడుపుదామనుకున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"తొందరపడ్డాను. గాలి తగ్గేదాకా ఎత్తను."

"మరి పాప?"



"దూలానికేం తెలుసు మేస్త్రీ, పాప సంగతి."

ఇరవయ్యో తేదీ దాకా గాలి ఇలాగే ఉంటుందని మధ్యాహ్నం కబురొచ్చింది. అద్దాల గదిలోంచే ఇంటికి ఫోను చేసింది.

"పెట్టె సర్దేసుకో తల్లీ. దుప్పటి అడుగున పెట్టు. చెప్పులు విడిగా కట్టుకో."

"సరేలే అమ్మా," అంది పిల్ల.

దూలం ఎక్కించేది ఇరవై ఒకటిన. పైనమ్మ ఇంటికి చేరేది ఇరవై రెండో తేదీ పొద్దున.