అక్క తోటకు కట్టిన అంటు

మా దీవి తూర్పుతీరాన ఈ తైతుంగ్‌లో ల్యో వెన్‌షెంగ్ ఎవరో తెలియని సీతాఫలం రైతు లేడు. తెలియకేం! ఈ లోయలో సగం చెట్లకు అంటు కట్టిన చెయ్యి అతనిది. మనిషి చెడ్డవాడు కాదు. నలుగురికీ మేలు జరగాలని మనసారా కోరుకునేవాడు. అలా కోరుకుంటూనే ఇంత పనీ చేశాడు.

మొదట్లో మా దగ్గర మెత్తటి పాతరకమే ఉండేది. పండిందంటే ముట్టుకుంటే విచ్చుకుంటుంది, చెంచాతో తిని గింజలు ఉమ్మాలి. దాన్ని నలగకుండా రాజధాని తైపే చేర్చడమే గగనం, ఇక సముద్రం ఎక్కడ దాటిస్తాం? తర్వాత అనాస సీతాఫలమనే కొత్తరకం వచ్చింది. గట్టి కాయ, కత్తితో ముక్కలు కోసుకోవచ్చు, తీపిలో కాస్త పులుపు తగులుతుంది. చల్లటి పెట్టెలో పెడితే ఎంత దూరమైనా పోతుంది. అవతలి ఒడ్డున చైనావాళ్ళు దానికోసం ఎగబడ్డారు. మా ప్రభుత్వానికీ వాళ్ళ ప్రభుత్వానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మా దీవి కూడా తమదేనంటారు, మా జెండా వాళ్ళకు పనికిరాదు, మా ఓట్లు పనికిరావు, మా పండు మాత్రం పెట్టెలకు పెట్టెలు కావాలి. ఇదేం చోద్యమని మేమూ అడగలేదు. సరుకు పోతున్నప్పుడు ఎవడడుగుతాడు?

అవతలి ఒడ్డున షియామెన్ నుంచి గువో అనే వ్యాపారి ప్రతి చలికాలమూ వచ్చేవాడు. నవ్వుముఖం, కడుపునిండా తినే మనిషి. వెన్‌షెంగ్ ఇంట్లో వెదురుచిగుళ్ళ పులుసూ పందిమాంసం అన్నమూ లాగించి, "అన్నా, వదిన చేతివంట కోసమే సముద్రం దాటొస్తున్నా, పండు కోసం కాదు" అనేవాడు. వెన్‌షెంగ్ పొంగిపోయేవాడు. ఏ తోట దగ్గర ఆగినా, "ఇంకా ఆ ముసలి చెట్లేంటయ్యా? రంపం తీసుకొస్తానుండు" అంటూ అంట్ల కట్టతో దిగిపోయేవాడు.

లోయలో అందరూ మారారు, అతని అక్క స్యూచూ తప్ప.

తల్లి పోయాక తమ్ముణ్ణి వీపున కట్టుకుని పొలం పనులకు వెళ్ళి పెంచిన మనిషి ఆవిడ. తోట చిన్నది, అంతా పాతరకమే. సముద్రం పక్క రోడ్డు మీద నీలం టార్పాలిన్ కట్టుకుని అమ్ముకునేది. ఎవరొచ్చినా ముందు "ఎప్పుడు తింటారు?" అని అడిగేది. ఇప్పుడే అంటే ఒకటి, రేపంటే ఇంకొకటి, తొడిమ పక్కన బొటనవేలు ఆనించి చూసి తీసిచ్చేది. తైపే నుంచి వచ్చే ముసలమ్మలు బస్సు ఆపించుకుని మరీ కొనేవాళ్ళు.

"ఎన్నాళ్ళక్కా ఈ ఎండలో? నీ చెట్లకూ అంటు కట్టేస్తాను. కోసి పెట్టెలో పెట్టు, మిగతాది గువో చూసుకుంటాడు."

"ఈ ఎండ నాకు అలవాటేరా."

"ఊరందరిచేతా మార్పించినవాడు సొంత అక్కకు చెప్పుకోలేకపోయాడంటున్నారే! తలెత్తుకోలేకపోతున్నా."

"రేపు వాళ్ళకు మన మీద కోపమొస్తే?"

"పండు మీద ఎవరికక్కా కోపం? రాజకీయాలు వాళ్ళవి, వ్యాపారం మనది."

స్యూచూ భర్త కుర్రతనంలో కిన్మెన్ దీవిలో సైనికుడిగా ఉండి, అవతలి ఒడ్డు నుంచి పడే ఫిరంగి గుండ్ల మోతకు ఒక చెవి పోగొట్టుకుని వచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఆవిడ ఎత్తనైనా ఎత్తలేదు. తమ్ముడి ముఖం చిన్నబోవడం చూడలేక "సరే, నీ ఇష్టంరా" అంది.

చెట్లు మళ్ళీ చిగురుపెట్టే రోజుల్లో వెన్‌షెంగ్ వచ్చి మొదళ్ళకు కాస్త పైగా కొమ్మలన్నీ నరికేసి అంట్లు కట్టాడు. వంటింటి వెనక ఒక్క చెట్టు మిగిలింది.

"దాన్ని వదిలెయ్యరా, పోయిన పెద్దల పీఠం మీద పెట్టుకుంటాను" అంది స్యూచూ.

"ఒక్కచెట్టు ఉంచుకోవడమేంటక్కా, నవ్వుతారు. పీఠం మీద కొత్తవి పెట్టు, పెద్దాళ్ళు కొత్తరుచి చూడొద్దా?" అన్నాడు, అప్పటికే రంపం ఆడిస్తూ. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం అతనికి తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం టీ పెట్టడానికి వెళ్ళిందనుకున్నాడు.

రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడోఏడు పువ్వు పువ్వుకూ కుంచెతో పుప్పొడి అద్ది, పిందెలకు సంచులు కట్టే సమయంలో టీవీలో చెప్పారు, రేపటినుంచి చైనా మా సీతాఫలం కొనదట. కాయల్లో పిండినల్లి పురుగు ఉందన్నారు. అంతకుముందు కమ్మగా తిన్నవాటిలో లేని నల్లి ఒక్కరోజులో ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మా నాయకులు అక్కడివాళ్ళకు నచ్చని మాటేదో అని ఉంటారని కొందరు, వచ్చే ఎన్నికలకు ఇప్పట్నుంచే బెదిరింపని కొందరు. ఎవరేమన్నా కాయ చెట్టునే ఉంది.

వెన్‌షెంగ్ తిట్టిపోద్దామని గువోకు ఫోన్ చేశాడు.

"నాకూ ఇందాకే తెలిసిందన్నా. పైనుంచి వచ్చిన మాట. నేనెంతటివాణ్ణి చెప్పు?" గువో ఏడ్చినంత పనిచేశాడు. "మొహం ఎలా చూపించను నీకు?"

చివరికి వెన్‌షెంగే అతన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాడు.

ఆ ఏడు మా పట్నాలవాళ్ళు జాలికొద్దీ పెట్టెలు కొన్నారు. జాలి ఎన్నేళ్ళు ఉంటుంది? స్యూచూ గట్టికాయలు పేర్చుకుని మళ్ళీ టార్పాలిన్ కింద కూర్చుంది. బస్సు దిగిన ముసలమ్మలు "మెత్తటివి లేవా తల్లీ? వీటికి మా పళ్ళు చాలవు" అని వెనక్కి తిరిగారు. కొన్నాళ్ళకు బస్సు ఆగడమే మానేసింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, సముద్రం ఒడ్డున ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. వెన్‌షెంగ్ ఒకసారి అటు వెళుతూ, గాలికి కొట్టుకునే దుప్పటితో పెనుగులాడుతున్న అక్కను చూశాడు. బండి ఆపలేకపోయాడు. ఏం చెయ్యాలి ఆపి? సిగ్గుతో చచ్చిపోయాడు. అక్కడితో ఆమె ఇంటివైపు వెళ్ళడం కూడా తగ్గించేశాడు.

అలా ఉండగా ఒకరోజు గువో ఫోన్ చేశాడు. "అన్నా, కొన్ని తోటల కాయను మళ్ళీ రానిస్తారట. మీవైపు నుంచి కొందరు రైతులు షియామెన్ రావాలి. నువ్వు రా. విందులో లేచి రెండు ముక్కలు చెబితే చాలు."

"ఏం ముక్కలు?"

"రెండు ఒడ్డులూ ఒకే ఇల్లు అని. మర్యాద మాటే కదన్నా, ఏం పోయింది?"

వెన్‌షెంగ్‌కు దుప్పటితో పెనుగులాడుతున్న అక్క కళ్ళముందు మెదిలింది. "మా అక్క తోట కాయ కూడా తీసుకుంటారా?" అన్నాడు.

"నీ అక్క నా అక్క కాదా? నేను మాట్లాడతాను."

అక్కతో ముందుగా చెప్పలేదు. పని అయ్యాక చెప్పి సంతోషపెడదామనుకున్నాడు. వెళ్ళాడు. గ్లాసు పట్టుకుని లేచాడు, ఆ మాటలన్నాడు. అంటున్నప్పుడు బావ చెవి గుర్తొచ్చింది, అయినా అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ వీడియో అతనికంటే ముందే తైతుంగ్ చేరింది. టిఫిన్ అంగట్లో "ఒకే ఇల్లట, మరి అద్దె ఎవరిదో" అని వెక్కిరింపులు మొదలయ్యాయి. అతను లెక్కచెయ్యలేదు. విమానం దిగి నేరుగా అక్క ఇంటికి వచ్చాడు, గువో చేత అవుననిపించుకున్న సంతోషంతో.

తోట చూసి గట్టు మీదే ఆగిపోయాడు. అంటు ముడి కింద అడ్డంగా కోసేసిన మొదళ్ళు, ఒక్కచెట్టూ మిగల్లేదు. ప్రతి మొదలు చుట్టూ జానెడు పిలకలు, కోసి నెల దాటినట్టుంది. పక్కింటి పానాయ్, స్యూచూ ముక్కాలిపీటల మీద కూర్చుని కలుపు పీకుతున్నారు.

"ఎంత పని చేశావక్కా! మళ్ళీ కొంటామన్నారే! నీ తోటకు కూడా ఒప్పించి వచ్చాను!"

"చూశాన్రా, పానాయ్ ఫోన్లో చూపించింది" అంది స్యూచూ, తలెత్తకుండా. "కొత్త చొక్కా బాగుంది."

"నీకోసమే వెళ్ళానక్కా. ఆ మాటలన్నీ నీకోసమే అన్నాను."

"నాకోసమని నన్నడిగావా?"

అతను కొత్త చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"అంటు కట్టినప్పుడైనా అడిగావు. నేనే కాదనలేకపోయాను, అది నా తప్పు. ఇప్పుడు అడగనైనా అడగలేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని వెన్‌షెంగ్‌కు అనిపించింది. "అంటు కిందిది పాత మొదలే కదరా. చావలేదు. కోస్తే పిలకలొచ్చాయి."

"కాపుకు రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది."

"తెలుసు. ఉంటే తింటాను."

వెన్‌షెంగ్ ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. పిలకలన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. ఒక్కో మొదలుకు రెండే ఉంచి మిగతావి తీసెయ్యాలి. "కత్తి ఇలా ఇవ్వక్కా, ఇదొక్కటైనా నన్ను చెయ్యనీ" అని చెయ్యి చాపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్యూచూ కత్తి అందుకుంది. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "వద్దురా. నీ చెయ్యి పడితే మళ్ళీ ఎవరికోసమో కాస్తుందేమోనని భయంగా ఉంది" అంది మెల్లగా, అతని తల నిమురుతూనే.

కత్తి పానాయ్‌కిచ్చి, ఏ పిలక ఉంచాలో వేలితో చూపించసాగింది.