అత్త కళ్లద్దాల ఎర్ర తాడు

పోయిన మంగళవారం హనుమకొండలోని ఒక కళ్లద్దాల దుకాణంలో నేనొక చిన్నపిల్ల మీద అరిచాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని నలుగురిలో అలా గొంతు చించుకోవడం నాకే తలవంపుగా ఉంది గాని, జరిగింది జరిగినట్టు చెప్పకపోతే మిగతా సంగతి చెప్పడానికి నోరు రాదు. శుక్లం తీసిన కంటికి కొత్త అద్దాలు తెచ్చుకుందామని ఒక్కదాన్నే వెళ్లాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా నిండి ఉండవు. అద్దాలను మెత్తని గుడ్డతో తుడిచి, నా చెవులకు తగిలించి, అద్దంలో చూపించి, ఆ తరువాత సొరుగులోంచి ఒక ఎర్రని పేనిన తాడు తీసి రెండు కొసలూ అద్దాల కాడలకు ఎక్కించి, "జారిపోకుంట ఉంటదమ్మమ్మా, మా షాపు తరఫున ఫ్రీ" అని నవ్వుతూ నా మెడ వెనక్కి వేసింది. ఆ తాడు మెడకు తగలగానే ఒళ్లంతా భగ్గుమంది. దాన్ని పీకి బల్ల మీద విసిరికొట్టి, ఎవరు పెట్టమన్నారు నిన్ను అని కేక వేశాను. పిల్ల బిక్కమొహం వేసింది. నేను ఆటో ఎక్కి కాశిబుగ్గలోని మా ఇంటికి వచ్చేశాను.

ఆ పిల్ల తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ కోపం వేరే మనుషుల మీదిది. అది నా పెళ్లయిన మూడో ఏటి నుంచీ నాలోనే ఉంది.

నేను కాశిబుగ్గకు కోడలిగా వచ్చేనాటికి ఇక్కడ ఏ సందులోకి వెళ్లినా మగ్గం చప్పుడే వినిపించేది. మా ఆయన ఇంట్లో జంపఖానాలు నేసేవాడు. మా అత్త మాత్రం మగ్గం పని కాకుండా, ఊరి చివర ఒక సేటు నడిపే రంగుల షెడ్డుకు పోయేది. పెళ్లయిన ఆరు నెలలకే నన్నూ వెంట తీసుకుపోయింది. ఆ పని ఎలా ఉండేదంటే, షెడ్డులో పెద్ద పెద్ద గంగాళాల్లో రంగునీళ్లు మరుగుతుండేవి, మగవాళ్లు నూలు చిలపలను, అంటే చుట్టలుగా కట్టిన పోగులను, కర్రలకు వేలాడేసి అందులో ముంచి తీసేవాళ్లు, ఆ వేడివేడి చిలపలను మేము ఆడవాళ్లం గంపల్లో ఎత్తుకుని షెడ్డు వెనక, చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి నుంచి పారే కాలువకు పోయి, మోకాటిలోతు నీళ్లలో నిలబడి, రంగు విడవడం ఆగిపోయేదాకా జాడించేవాళ్లం. ఆ వారం ఏ రంగు నడిస్తే మా చేతులు ఆ రంగులో ఉండేవి. ఒకసారి మా ఆడబిడ్డ పెళ్లికి నేను మోచేతుల దాకా నీలిరంగుతో పోతే, అక్కడి చిన్నపిల్లలు నన్ను చూసి జడుసుకున్నారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

జాడించడం ఎవరైనా చేస్తారు. ఎప్పుడు ఆపాలో తెలియడమే విద్య. నీళ్లు తేరినట్టే కనిపిస్తాయి గాని చిలప నడుమ రంగు దాగి ఉంటుంది, అది జంపఖానా అయ్యాక, ఎవరింట్లోనో మొదటిసారి తడిసినప్పుడు బయటపడుతుంది. మా అత్త చిలపను ఎండకు అడ్డంగా పట్టి, రెండు చేతులతో విప్పార్చి, ఒక్క చూపు చూసి అయిందనో కాలేదనో చెప్పేది. ఆమె మాటే అక్కడ ఆఖరు మాట. అటువంటి మనిషికి కళ్లలో పొరలు కమ్మాయి. ఊళ్లో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తున్నారంటే మా ఆయన తీసుకుపోయి చేయించాడు. ఆ రోజుల్లో ఆపరేషను తరువాత ఇచ్చే అద్దాలు ఎలా ఉండేవో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు, సోడాబుడ్డి అడుగులంత మందం, ముక్కు మీద రాయి పెట్టినంత బరువు. అయినా అవి పెట్టుకుని ఇంటి గుమ్మంలో నిలబడి, ఎదురింటి గోడ మీద పిచ్చుకను చూసి మా అత్త ఎంత మురిసిపోయిందో.

చిక్కంతా కాలువలోనే వచ్చింది. వంగి జాడిస్తుంటే అద్దాలు జారతాయి. చేతులు రెండూ చిలపల్లో ఉంటాయి, పైకి తోసుకుందామంటే చేతినిండా రంగు. ఆమె భుజంతో ఎగదోసుకునేది, మోచేత్తో నొక్కుకునేది, తల ఎత్తి కోడిపుంజులా మెడ నిక్కించి పని చేసేది. సాయంత్రానికి మెడ పట్టుకుపోయేది. ఒకనాడు పడనే పడ్డాయి. అది ఎండాకాలం, నీళ్లు తక్కువ, ఇద్దరం బురదలో కాళ్లతో తడిమి తడిమి పట్టుకున్నాం. ఆ తరువాత సైకిలు ట్యూబు ముక్క కట్టి చూశాం, అది జుట్టు పట్టి పీకేది. కొంగు తలచుట్టూ చుట్టి చూశాం, తడిసిన కొంగు అద్దాలను ఇంకా ముందుకు లాగింది. చివరికి ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేను, షెడ్డు మూలకు ఊడ్చి పోసిన చెత్తలోంచి తెగిన పోగులు ఏరి, మూడు పాయలుగా పేని, మూరెడు తాడు చేసి, అద్దాల కాడలకు ముడివేసి అత్త కొప్పు కిందుగా బిగించాను. ఆ వారం ఎర్ర రంగు నడుస్తోంది కనుక తాడు కూడా ఎర్రగానే వచ్చింది. అత్త కాలువలోకి దిగి, వంగి, తల అటూ ఇటూ విదిలించి చూసుకుంది. అద్దాలు కదలలేదు. "ఇగ ఫికర్ లేదే కోడలా" అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నాలుగు రోజులు కూడా కాలేదు. షెడ్డులో నూలు తూచి ఇచ్చి, తూచి తీసుకునే గుమాస్తా ఒకడుండేవాడు. మనిషిని మనిషిగా చూడడం వాడి తల్లి నేర్పలేదో, వాడే మరిచిపోయాడో తెలియదు. సాయంత్రం చిలపలు అప్పజెప్పడానికి వరుసలో నిలబడ్డాం. అత్త వంగి గంప దించుతుంటే వాడి కన్ను తాడు మీద పడింది.

"ఆగు. ఈ నూలు ఏడికెల్లి వచ్చింది నీకు? గిది మన ఆర్డరు నూలు గదా! తూకంల ఎందుకు తక్కువస్తాందో గిప్పుడు సమజైంది."

"తెగిన పోగులయ్యా, ఊడ్సి పారపోసేటియి," అంది అత్త. "కండ్లద్దాలు నీళ్లల్ల పడ్తానయని..."

"పడ్తే పడనీ! దొంగసొమ్ము మెడల ఏసుకొని తిరుగుతావా?"

అని, చిలపల కట్లు తెంపే పెద్ద కత్తెర తీసి, ఆమె కొప్పు వెనక చెయ్యిపెట్టి ఆ తాడును కత్తిరించాడు. అంతటితో వదిలాడా? ఆ ముక్కను వేళ్లతో ఎత్తి పట్టుకుని, మగవాళ్లూ ఆడవాళ్లూ అందరికీ చూపించి, ఇంకెవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే తీసి ఇక్కడ పెట్టండన్నాడు. నాలుగడుగుల దూరంలో సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు, మళ్లీ పేపరు తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు తన నూలుకు రంగు కుదిర్చిన మనిషిని పట్టుకుని, చెత్తలో పోగుల కోసం దొంగ అంటుంటే, వాడికి పేపరు ముఖ్యమైంది!

అత్త ఒక్కసారి నా వైపు చూసింది. చెప్పమని కాదు, ఊరికే చూసింది. నేను పేనిన తాడు అది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఇంటి మగ్గానికి నూలు వాళ్ల దగ్గర్నుంచే వస్తుందన్న సంగతీ దాని వెంటే వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. గుమాస్తా మీద ఎంత కోపముందో, ఆ నిమిషంలో నేలచూపులు చూసిన నా మీదా అంతే ఉంది, ఇన్నేళ్లయినా తగ్గలేదు.

తరువాత అత్త తాడు కట్టనివ్వలేదు. నా పాత చీర అంచు చింపి కడతానన్నా వద్దంది, మళ్లీ ఎవడేమంటాడోనని. ఆ పై నెలే, శ్రావణంలో, చెరువు నిండి మత్తడి దూకింది. కాలువ ఉరకలెత్తింది. రెండోనాడే అద్దాలు జారి నీళ్లలో పడ్డాయి. పడిన చోటే ఉన్నాయనుకుని ఆమె చేతులు ముంచేలోగా నీళ్లు వాటిని ఎటు తోసుకుపోయాయో. మూడు రోజులు పని వేళ అయ్యాక ఆడవాళ్లమంతా చీరలు పైకి దోపుకుని, వరుసగా నిలబడి, కాలువ అడుగు జల్లించాం. ఒక గిన్నె దొరికింది, ఎవరిదో చెప్పు దొరికింది, అద్దాలు దొరకలేదు.

దవాఖానకు పోతే అటువంటివి హైదరాబాదు నుంచి రావాలి, ఆగండన్నారు. అత్త మాత్రం పనికి రావడం ఆపలేదు. కళ్లకు కనిపించకపోయినా చేతికి తెలుస్తుందనుకుంది. ఎర్ర చిలపలు కొన్ని ఆమె అయిందన్నాక మగ్గానికి పోయి, తెల్ల పోగుల పక్కన తడిసి, మరకలు దిగాయి. మరునాడు గుమాస్తా గుమ్మంలోనే ఆమెను ఆపేశాడు.

"కండ్లు కనవడనోళ్లకు రంగుల పనేందవ్వా? ఇంట్ల కిష్ణా రామా అనుకుంట కూసో."

అప్పుడు లేచింది నా నోరు. గంప కింద పడేసి, "ఆ తాడు పేనింది నేను. సెత్తల ఏరి పేనిన. దొంగనంటే నన్ననుండ్రి! మీరు గది తెంపకపోతే ఆమె కండ్లు ఆమెకుండేటియి" అని సేటుకు వినబడేలా అరిచాను. షెడ్డులో కర్రల చప్పుడు ఆగింది. గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మంచిదాయె. అత్తెనుక నువ్వు గూడ నడువు" అన్నాడు. సేటు ఆ రోజూ పేపరే తిప్పుకున్నాడు.

అత్త వెనకే ఇంటికొచ్చాను. నేను నిజం చెప్పానని, ఆమె నా తలమీద చెయ్యి వేస్తుందని ఎదురుచూశాను. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, నా కాపురంలో మొదటిసారీ చివరిసారీ ఆమె నన్ను తిట్టింది. "ఆనాడు నోరు ఏడవెట్టుకున్నవ్? ఇయ్యాల లేసిందా? ఒక్కదాని కూడు పోయింది సాలదని ఇద్దరిది పోగొట్టినవ్!"

మా ఆయన మగ్గానికి నూలు రావడమూ ఆ నెలలోనే ఆగిపోయింది. ఆయన డోర్నకల్ రైల్వే స్టేషను దగ్గర ఒక హోటల్లో కొన్నాళ్లు పనిచేసి, వేరే సేటు నూలు ఇస్తానంటే తిరిగొచ్చాడు. నేను బీడీలు చుట్టాను. అత్తకు కొత్త అద్దాలు వచ్చేసరికి దీపావళి దాటింది. అవి పెట్టుకుని ఆమె బియ్యంలో రాళ్లు ఏరేది, పిల్లల తలలు చూసేది. గుడ్డపేలికతో తాడు కట్టనా అని ఒకసారి భయపడుతూ అడిగాను. "ఇంట్ల నీళ్లేడున్నయే పిచ్చిదానా? పడ్తే నేల మీదనే గదా పడేది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను దొడ్లోకి పోయి గోడకు మొహం పెట్టి ఏడ్చాను. ఏడుపు కాదు అది, కోపమే. ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక అలా వచ్చింది.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. సేటూ, గుమాస్తా ఎప్పుడో పోయారు. గుమాస్తా పోయాడని విన్ననాడు నాకు అయ్యో అనిపించలేదు, ఆ సంగతి దాచుకోను. కాలువ మీద బండలు పరిచి రోడ్డు వేశారు, దాని మీద స్కూలు బస్సులు తిరుగుతాయి. మగ్గం సందుకొకటి కూడా మిగల్లేదు.

నా కోడలు ఒక బట్టల షోరూములో పనిచేస్తుంది. ఆ మధ్య మేనేజరు, కాసేపు స్టూలు మీద కూర్చున్నందుకు గిరాకీల ముందే ఆమెను మాట అన్నాడట. "కాళ్లు నొప్పి పుడ్తానయి సార్, కూసున్న. నాతోని గట్ల మాట్లాడద్దు" అని అక్కడికక్కడే చెప్పేసి, మళ్లీ చీరలు మడతపెట్టుకుందట. ఆ సంగతి ఆమె రాత్రి అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పింది. నా నోటికి ముందు వచ్చినవి మా అత్త మాటలే, ఉద్యోగం పోతే ఎట్లా అని. వాటిని మింగి, "మంచిగన్నవ్ బిడ్డా" అన్నాను. ఆమె నన్ను కాస్త వింతగా చూసి, పప్పు అందుకుంది. నాకు నెల పట్టిన మాట ఆమెకు ఒక్క నిమిషంలో వచ్చింది, అది గొప్పని కూడా ఆమెకు తెలియదు. ఆ పూట మా అత్త కూడా మా పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంటే బాగుండుననిపించింది, ఇద్దరినీ కలిపి తిట్టినా సరే.