మా వ్యానులో రోజూ తగ్గిన మగ్గు నీళ్ళు

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు తెస్తే, ఆ మండలు పొయ్యిలో పెట్టి ముందు ఆ మనిషికి ఇంత గంజి కాచి పొయ్యమని చెప్పే రకం నేను. కడుపులో కూడు లేకపోతే కళ్ళముందు అన్నీ కనిపిస్తాయి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు. దయ్యాన్ని చూడలేదు, చూశామన్నవాళ్ళను నమ్మలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని రాయడం లేదు. నేను చూసింది నీళ్ళు. తగ్గిన నీళ్ళు.

చదివింది రెండో క్లాసు వరకే. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది పట్నంలో చింతాద్రిపేట. తాతల నాటి నుంచి నేతపని. స్వతంత్రం వచ్చిన ఐదారేళ్ళకు నూలు దొరక్క మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఆ ఏడే వానకు మేమున్న అద్దె వాటా గోడ కూలింది. నా కొడుకు ఏకాంబరం యుద్ధంలో మిలిటరీ లారీ తోలినవాడు. వాడు ఇంకో వాటా వెతకడం మాని, మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత అంబులెన్సు వ్యాను ఒకటి కొని ఇంటిముందుకు తోలుకొచ్చాడు. కాపురమూ అందులోనే, వ్యాపారమూ అందులోనే అన్నాడు. ఊరూరా తిరిగి తువ్వాళ్ళు, లుంగీలు అమ్ముకోవచ్చునట.

వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి చెల్లమ్మ నవ్వింది.

"ఏందక్కా, దేవుడు ఊరేగేది చూస్తిమి గానీ ఇల్లే ఊరేగేది ఇప్పుడే చూస్తా ఉండాం!"

"ఊరేగేదానికి నీ ఇల్లు కదల్లేదులే," అన్నాను నేను.

బండిలో కాపురానికి ఏమేం కావాలో ఏకాంబరం ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. ఆగినప్పుడు చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు, జాకీ, బండి పక్కన పందిరిలా కట్టే టార్పాలిను, కిరోసిన్ స్టవ్వు, గాలికి ఆరని లాంతరు, ఎక్కిదిగడానికి పీట, మోకు, దోమతెర, మందుల పెట్టె, కుళాయి బిగించిన నీళ్ళ పీపాలు రెండు, తాగడానికి కొత్త గ్లాసులు. నేను బొగ్గుముక్క తీసుకుని కొట్టేస్తూ పోయాను. పీట ఎందుకు, ఇటుకలున్నాయి. దోమతెర ఎందుకు, పాత చీరలున్నాయి. పీపాలు రెండెందుకు, ఒకటి చాలు. కుళాయి ఎందుకు, చేతులున్నాయి.

"అమా, రెండో పీపా కొట్టేయబాకమా. పోయే దోవలో అంతా ఉప్పునీళ్ళు," అన్నాడు వాడు.

"మీ నాయన పెండ్లికి గూడా ఇంత చీటీ రాయలేదురా," అన్నాను.

గ్లాసులూ కొట్టేశాను. ఎందుకంటే వ్యాను లోపల గోడకు ఒక కొక్కెం ఉంది, దానికి ఒక ఎనామెల్ మగ్గు తగిలించి ఉంది. తెల్లటిది, అంచు నీలం, పిడి దగ్గర పెచ్చు లేచింది. బండి అప్పగించిన కాపలావాడు, లోపల ఏమున్నా తీసి పారేసి కడుక్కోమని ఏకాంబరంతో చెప్పాడట. ఎందుకో చెప్పలేదు. స్ట్రెచరు పారేశాడు, బూజు పట్టిన దుప్పట్లు పారేశాడు. మగ్గు మీద చెయ్యి వెయ్యబోతే నేనే ఆపాను. ఊరికే వచ్చింది, చిల్లి లేదు, పారెయ్యడం దేనికి? చింతపండు వేసి తోమితే తళతళలాడింది.

బండిలో నలుగురం. నేను, ఏకాంబరం, కోడలు రత్నమ్మ, ఆరేళ్ళ మనవరాలు కమల. రత్నమ్మది తొండియార్‌పేట. వాళ్ళూ నేతవాళ్ళే. నల్లగా, బలంగా, ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్వే పిల్ల. అప్పటికి ఆరో నెల నడుస్తోంది. ఏడో నెల పడగానే పుట్టింటికి పంపాలి. ఇంకొక్క వారం అమ్మకాలు చూసుకుని పంపుదామని నేనే అన్నాను.

నడివేసవి కత్తిరి ఎండలు మొదలైన రోజుల్లో షోళింగనల్లూరు వైపు పోయాం. సరుగుడు తోపులు, ఇసుక, ఉప్పు గాలి. తోపు నీడన బండి ఆపి, అక్కడి నుంచి చుట్టుపక్కల పల్లెలకు బట్టల మూట మోసుకుపోయేవాళ్ళం. ఆ చోట బావినీళ్ళు నోట పెట్టుకోలేం. ఒంటికీ బట్టలకూ ఆ నీళ్ళు సరిపెట్టి, తాగడానికీ వంటకూ మాత్రం రెండు మైళ్ళ అవతలి మంచినీళ్ళ బావి నుంచి తెచ్చి పీపా నింపేవాళ్ళం. పీపాకు రెండు బిందెలు పట్టేవి.

అందుకని కొలత పెట్టాను. పెద్దవాళ్ళకు మనిషికి రోజుకు నాలుగు మగ్గులు, పాపకు రెండు, వంటకు నాలుగు. వెదురుపుల్ల ఒకటి తీసుకుని మగ్గుకొక గాటు పెట్టాను. గాటుకూ గాటుకూ మధ్య వేలెడు ఎడం. సాయంత్రం చివరి మగ్గు పోశాక, పుల్ల ముంచి తడి ఏ గాటుదాకా వచ్చిందో చూసి అక్కడ పసుపుదారం చుట్టేదాన్ని. మగ్గు తుడిచి ఆరబెట్టి కొక్కేనికి తగిలించేదాన్ని.

మూడోరోజు పొద్దున కొలిస్తే ఒక గాటు తక్కువ. మరుసటి రోజూ ఒక గాటే తక్కువ. మగ్గు లోపల తడి.

ముందు పీపా కారుతోందేమో అనుకున్నాను. కింద పొడి బూడిద పరిచాను. తెల్లారి చూస్తే బూడిద పొడిగానే ఉంది. ఆవిరవుతున్నాయా అంటే, ఎండ మండే పగలు తగ్గనివి చల్లబడ్డాక ఎందుకు తగ్గుతాయి? అదీ రోజూ సరిగ్గా ఒక్క మగ్గే ఎందుకు తగ్గుతుంది? పిల్లి, కోతి తాగితే మగ్గు మళ్ళీ కొక్కేనికి తగిలించవు.

అప్పుడు పీపా మూతికి మందపాటి గుడ్డ కప్పి, చుట్టూ నూలుపోగు కట్టి, మా ఇంటి ముడి వేశాను. ఇది చెప్పాలి. నేతలో పోగు తెగితే అతకడానికి ఎవరి ముడి వాళ్ళకుంటుంది. మాది మా అత్త నాకు నేర్పింది. కొసలు లోపలికి మడిచి, వేలిగోటితో నొక్కి బిగించాలి. విప్పితే మళ్ళీ అలాగే వెయ్యడం తెలియనివాళ్ళ వల్ల కాదు. ఏకాంబరం చిన్నప్పటి నుంచి మోటారు బళ్ళ వెంట తిరిగాడు, వాడికి రాదు. రత్నమ్మకు పెళ్ళయిన మొదటి నెలలోనే నేను కూర్చోబెట్టి నేర్పాను. మా అత్తా, మా ఆయనా పోయాక ఆ ముడి ఎరిగినవాళ్ళు లోకంలో ఇద్దరమే.

రత్నమ్మ చూసి నవ్వింది. "అత్తా, ముడేస్తే నీళ్ళు పారిపోకుండా ఉంటాయా?"

తెల్లారి చూశాను. ముడి వేసింది వేసినట్టే ఉంది. కొసలు లోపలికి మడిచి ఉన్నాయి, గోటి నొక్కు ఉంది. విప్పి పుల్ల ముంచాను. ఒక గాటు తక్కువ. మగ్గు అడుగున నీటిచుక్క.

టార్పాలిను కింద పొయ్యి రాజేస్తున్న రత్నమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ముడి నాకొచ్చు, నీకొచ్చు. నేను తియ్యలా."

దానికి అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"నేనూ తియ్యలా అత్తా. కడుపులో బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద ఒట్టెందుకు? దప్పికైతే అడిగి తాగు. దొంగతనంగా తాగిన నీళ్ళు ఒంటికి పడవు."

బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్న ఏకాంబరం అక్కడి నుంచే అన్నాడు. "సుమ్మా ఊరకుండుమా! ఒక మగ్గు నీళ్ళకి ఏంది ఈ రగడ?"

"మగ్గు గురించి కాదురా. అబద్ధం గురించి," అన్నాను.

రత్నమ్మ ఏడవలేదు. లోపలికి పోయి తన చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"నా నాలుగు మగ్గులు పొద్దున్నే కొలిచి దీంట్లో పోసెయ్యి అత్తా. ఇంక ఆ పీపా దగ్గిరికి నేను రాను."

పోశాను. అన్న మాట ప్రకారం అది మళ్ళీ పీపా దగ్గరికి రాలేదు. నాతో మాట్లాడడం మానేసింది, నవ్వడమూ మానేసింది. మరుసటి పొద్దున మళ్ళీ ఒక మగ్గు తక్కువ. ఆ తర్వాత రోజూ అంతే. ఎంత మొండి మనిషి అనుకున్నాను నేను. పగలు పౌరుషం చూపించి మేం నిద్రపోయాక తాగుతోంది, ఎన్నాళ్ళు సాగుతుందో చూద్దాం అనుకున్నాను. ఆ ఎండలో దాని పెదవులు పగలడం చూశాను. చూసి, నాటకం అనుకున్నాను.

చెంబు తెచ్చి పెట్టిన ఐదోరోజు మధ్యాహ్నం టార్పాలిను కింద గిన్నె తోముతూ పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. నేను పరిగెత్తి ముడి తెంపి, మగ్గు నిండా ముంచి నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగుసుకుపోయాయి. నీళ్ళు గడ్డం మీదుగా ఇసుకలోకి పోయాయి.

ఏకాంబరం ఆ బండిని ఎట్లా తోలాడో దేవుడికే తెలియాలి. ఆసుపత్రిలో డాక్టరమ్మ అరవంలో అడిగింది, ఈ మనిషి కడుపునిండా నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది అని. ఏకాంబరం నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. చీకటి పడకముందే బిడ్డ పోయింది. మగబిడ్డ. లాంతర్లు పెట్టే వేళకు రత్నమ్మ పోయింది.

చింతాద్రిపేటకే తెచ్చి, మా పాత వీధిలో నుంచే సాగనంపాం. మాకు ఇల్లు లేదు గనుక వ్యాను అక్కడే వీధిలో నిలబెట్టి అందులోనే ఉన్నాం. రెండోరోజో మూడోరోజో కమల నా పక్కన కూర్చుని చెప్పింది.

"అవ్వా, అమ్మ చెంబులో నీళ్ళు నాకే పోసేది. వద్దంటే కొట్టేది."

నాలుగు మగ్గుల్లో ఎన్ని అని నేను అడగలేదు.

మూడోరోజు సాయంత్రం వీధి కుళాయిలో నీళ్ళు పట్టి పీపా నింపాను. వీధిలోనే కుళాయి ఉంది, కొలవాల్సిన పని లేదు. అయినా చేతులు వాటి అలవాటు ప్రకారం పోయాయి. పుల్ల ముంచి పసుపుదారం చుట్టాయి, గుడ్డ కప్పాయి, ముడి వేశాయి. మగ్గు తుడిచి కొక్కేనికి తగిలించాయి.

నాలుగోరోజు పొద్దున ముడి వేసింది వేసినట్టే ఉంది. కొసలు లోపలికి మడిచి ఉన్నాయి, గోటి నొక్కు ఉంది. ఆ ముడి ఎరిగినవాళ్ళలో ఇంక నేనొక్కదాన్నే మిగిలాను. విప్పి పుల్ల ముంచాను.

ఒక గాటు తక్కువ.

మగ్గు దించి చూశాను. అడుగున నీటిచుక్క అటూ ఇటూ కదిలింది.

వెనకనుంచి ఏకాంబరం గొంతు వినిపించింది. వాడు నాతో మాట్లాడి నాలుగు రోజులైంది.

"సరిగ్గా ఉండాయామా నీళ్ళు?"

నా చేతిలో పుల్ల ఉంది, తడి కనిపిస్తోంది. వాడికి గాట్ల లెక్క తెలియదు. ఒక్క మాట చెప్పాలి నేను. చెబితే రత్నమ్మ నిజం చెప్పిందని తేలుతుంది. నేనేం చేశానో కూడా తేలుతుంది.

"సరిగ్గా ఉండాయి," అన్నాను.

వాడు తల ఊపి వెళ్ళిపోయాడు.

తర్వాత వ్యాను అమ్మేశాం. కొనుక్కున్న మనిషి అందులో కొబ్బరికాయలు వేసుకుని తిరుగుతున్నాడని విన్నాను. మగ్గు బండితోనే పోయింది. ఆ నీళ్ళు ఎవరు తాగారో, ఎందుకు రోజుకు ఒక్క మగ్గే తాగారో, మా ఇంటి ముడి వాళ్ళకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. యుద్ధంలో ఆ బండిలో దప్పికతో పోయినవాళ్ళెవరో ఉంటారని చెల్లమ్మ అంటుంది. ఉండొచ్చు, లేకపోవచ్చు. నేను ఎన్ని విధాల ఆలోచించినా లెక్క ఒక మగ్గు దగ్గరే ఆగుతుంది.

బండిలో కాపురం పెట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒకటి చెబుతాను. పీపాలు రెండు పెట్టుకోండి. పాత బండిలో దొరికిన గిన్నె, మగ్గు ఏదైనా సరే, ఊరికే వచ్చిందని ఉంచుకోకండి.

కమలకు ఇప్పుడు పదేళ్ళు. మొన్న ఎండకు ఆడివచ్చి గటగటా నీళ్ళు తాగుతుంటే ఏకాంబరం దాని తల నిమిరి అన్నాడు. "మీ అమ్మ గూడా ఇట్టా అడిగి తాగుంటే ఎంత బాగుండు. మాతో ఒక్క మాట చెప్పుంటే సరిపోయుండు గదా."

తన పెండ్లాం ఒక మగ్గు నీళ్ళ కోసం అబద్ధమాడిందని వాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. వాడి ఎదట చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. రత్నమ్మ ఆ నీళ్ళు తాగలేదు. అబద్ధమాడింది నేను.