గచ్చు కింద పూడిన ఎర్త్ గుంత

వేపచెక్కకు చిత్రిక పడుతుంటే లేచే చేదు వాసన ఈ ఉదయం నందిగామలో మా షెడ్డంతా నిండింది. ఆ వాసన తగిలితే చాలు, జగ్గయ్యపేటలో మా పక్కింటి సుగుణ టీచరుగారు కళ్లముందు నిలుస్తారు. కాలు సరిగా లేదని మావాళ్లు నన్ను బడికి పంపలేదు. ఇంటికొచ్చి అక్షరాలూ లెక్కలూ నేర్పింది ఆవిడే. భర్త పోయాక ఆయన చెక్కపని మిషన్లను అమ్మేయకుండా పెరటి షెడ్డులో తనే నడుపుకుంటూ, నా చేతికీ ఆ పని అలవాటు చేశారు. అలాంటి మనిషిని నాకిచ్చినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

మిషన్ల దగ్గర ఆవిడ పట్టింపులు ఆవిడవి. ఒకసారి కోత మిషను ప్లగ్గు ఫ్రిజ్ పక్క బోర్డులో పెట్టబోతే నా చేయి పట్టుకున్నారు.

"వంటింటి లైనుమీద మోటారు బరువు వెయ్యకే. లేచేటప్పుడు ఒక్క గుక్కలో కరెంటు లాగేసుద్ది. వైరు కాగిపోద్ది."

షెడ్డుకు మీటరు దగ్గర్నుంచి లావు వైరుతో విడిగా లైను, బరువు ఎక్కువైతే కరెంటు ఆపేయడానికి దానికో బ్రేకరు ఉండేవి. మిషను ఇనుప ఒంటికి కరెంటు పాకితే మనిషిని పట్టకుండా నేలలోకి పోవడానికి పెరట్లో గొట్టం దించిన ఎర్త్ గుంత. మెట్టనేల ఎండిపోతుందని వేసవిలో రోజూ ప్రార్థన కాగానే ఆ గుంతలో నీళ్లు పోసేవారు.

ఒక ఏడు ఈస్టరుకని మా మందిరానికి బల్లలు చేస్తున్నాం. టీచరుగారు ఊళ్లో లేనప్పుడు, నందిగామ నుంచి ఆవిడ తమ్ముడు దాసుగారు వచ్చి పెరడంతా సిమెంటు గచ్చు చేయించారు.

"వానొస్తే బురదలో జారుతున్నావుగా అక్కా. ఎలా ఉంది?" అన్నారు ఆవిడ తిరిగి రాగానే, మురిసిపోతూ.

"ఎర్త్ గుంత ఏదిరా?"

"ఆ గొట్టమా? కాలికి అడ్డమని కోసి పూడ్పించేశా."

"బుర్రుందా నీకు? పగలగొట్టించు!"

దాసుగారి మొహం నల్లబడింది. "తమ్ముడికంటే గుంతే ఎక్కువైతే దాంతోనే మాట్లాడుకో," అని బండెక్కి వెళ్లిపోయారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గచ్చు తవ్వించి, కొత్త గొట్టం దించి, వైరు కలిపాకే మిషను వేశాం. పండక్కి సగం బల్లలే అయ్యాయి. మందిరంలో మిగతావాళ్లు చాపలమీద కూర్చున్నారు. దానికి ఆవిడేమీ బాధపడలేదు. ఆవిడ బాధ వేరు.

"పగలగొట్టమనడం తప్పు కాదే," అన్నారోసారి, చెక్కకు గరుకు కాగితం రుద్దుతూ. "వాడు నా కాళ్ల గురించి ఆలోచించాడు. ముందు ఆ మాట అనాల్సింది. బల్లలన్నీ అయ్యాక వెళ్లి చెప్తా."

బల్లలు పూర్తికాకముందే దాసుగారు గుండెపోటుతో పోయారు. టీచరుగారు శవపెట్టె పక్కన కూర్చుని ఆయన చెవి దగ్గరకు వంగి, "బాగుందిరా గచ్చు, చాలా బాగుంది," అంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఆవిడా లేరు. మొన్న మా షెడ్డులో వైరింగు చేసినాయన, నేను అటూ ఇటూ నడవక్కర్లేకుండా రెండు మిషన్లనూ ఒకే స్విచ్చుకు కలిపి చూపించారు.

"నా కాలు గుర్తుపెట్టుకుని చేశారు. థాంక్సండి," అన్నాను. ఆయన టీ తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పాను. "రెండూ ఒకేసారి లేస్తే బ్రేకరు పడిపోద్దండి. దేనిది దానికి విడిగా కావాలి."

"అదెంత పనమ్మా," అని నవ్వుతూనే ఆయన స్విచ్చు విప్పారు. ఆ నవ్వు చూస్తుంటే నా కళ్లు తడిశాయి. అది దాసుగారి మొహంలో టీచరుగారు చూడాల్సిన నవ్వు.