పూర్తి అడ్రసుతో సహా

నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ గూడ్సు బండికి ఎక్కిస్తే, ఆఖరి పెట్టె దాటేలోపు గేటు దగ్గర ఆగిన జనానికి తలలు నెరిసిపోతాయి. ఆ బండిలో ఇంజనుని ఆనుకుని ఉన్న మొట్టమొదటి పెట్టె సంగతి ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. మధ్యలో ఒకచోట నాకు నవ్వు రాదు. అక్కడ మాత్రం కాసేపు నన్ను తలొంచుకోనివ్వండి.

తొంభైల చివరి మాట. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మా తెలుగు మీడియం బడికి ఎవరో పుణ్యాత్ములు రెండు కంప్యూటర్లు ఇచ్చారు. వాటికి కొబ్బరికాయ కొట్టారు, ముసుగులు కుట్టించారు, గదికి తాళం వేశారు. తాళం తీసే మనిషి కూడా ఒకరుండాలి కదా, ఆ మనిషిని నేను. ఇరవై నాలుగేళ్ళు. ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు పూర్తి చేశాను. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నేనూ సగం కంప్యూటర్ని అయిపోయాననుకున్నాను. తేడా ఏమిటంటే, తప్పు జరిగితే అది కనీసం కీచుమని అరుస్తుంది.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఏడుగురు నా మొదటి బ్యాచి. అందరూ రైల్వే వర్క్‌షాపు వాళ్ళ పిల్లలే. వాళ్ళలో ఎస్తేరు అనే పిల్ల, తాల్‌బగీచాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే యాకోబు బాబాయి కూతురు. బాబాయి వర్క్‌షాపులో ఫిట్టరు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ ఆయన నోట నాకున్న పేరు ఒక్కటే, "అమ్మడూ".

బడి కంప్యూటర్లకి ఇంటర్నెట్ లేదు. మలంచా రోడ్డులో ఎస్టీడీ బూతు నడిపే బెంగాలీ దాదా కొత్తగా పెట్టించాడు. అక్కడ నాకొక పేజీ కనిపించింది. ప్రపంచంలోని పిల్లలందరూ కలం స్నేహం కోసం తమ వివరాలు రాసుకునే పేజీ. చూడగానే నాకు ఒళ్ళు పులకరించింది. లండన్‌లో పద్నాలుగేళ్ళ పిల్ల మా ఎస్తేరుకి ఉత్తరం రాస్తుంది, మా పిల్లల ఇంగ్లీషు పరిగెడుతుంది, హెడ్మాస్టరు గారు నాకు శాలువా కప్పుతారు. శాలువా రంగు కూడా అనుకున్నాను. మెరూన్.

మర్నాడు క్లాసులో "మీ గురించి ఇంగ్లీషులో తలో అరపేజీ రాయండి. పూర్తి అడ్రసుతో సహా" అన్నాను.

ఎస్తేరు లేచి నిలబడింది. "టీచర్, ఇంటి నంబరు కూడా రాయాలా అండి?"

"రాయకపోతే పోస్ట్‌మ్యాన్‌కి కలొస్తుందా?"

"మరి సూసినోళ్ళందరికీ తెలిసిపోద్ది కదండీ?"

"తెలియడానికే కదా రాసేది!"

"ఎవులు సూస్తారో మనకి తెలీదు కదండీ..."

"ఎస్తేరూ, కోర్సు చేసింది నువ్వా, నేనా?"

పిల్లలు కిలకిలా నవ్వారు. ఎస్తేరు కూర్చుని, తలొంచుకుని, ఇంటి నంబరు రాసింది. ఆ వంచిన తల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ ఏడు అరపేజీలూ దాదా దుకాణంలో నేనే కూర్చుని టైపు చేశాను. పిల్లలు రాసింది మరీ చప్పగా ఉందని నా సొంత మసాలా కూడా దట్టించాను. ఎవరు ఏ ఆట ఆడతారు, ఎవరు ఎన్నింటికి ఏ ట్యూషన్‌కి వెళ్తారు, అన్నీ. చివర మన ఆతిథ్యం లోకానికి తెలియాలని ఒక వాక్యం చేర్చి, కింద నా పేరు పెట్టుకున్నాను. ఇంటి గుట్టు లంకకి చేటంటారు. నేను ఏడిళ్ళ గుట్టు ఒక్క పూటలో లంక మీదుగా లోకమంతా పంచిపెట్టాను.

దాదా నా భుజం మీదుగా చూసి, "దీదీ, ఇత్నా సబ్ లిఖ్నా జరూరీ హై?" అన్నాడు, ఇదంతా రాయడం అవసరమా అని.

"ఆప్ లైన్ సంభాలియే దాదా, బచ్చోంకో మై సంభాల్ లూంగీ" అన్నాను. ఆయన లైను ఆయన చూసుకోవాలట, పిల్లల్ని నేను చూసుకుంటానట!

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. కొత్త టీచరమ్మ హద్దెరగదు.

మూడు వారాలకి విదేశం నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. పార్వతి అనే పిల్ల సంబరంగా తెచ్చి చూపించింది. రాసినాయన వయసు ముప్పై ఎనిమిది. "నీ పేరు చాలా బాగుంది, ఫోటో పంపు" అని రాశాడు. ఆ వయసు దగ్గర ఆగి రెండోసారి చదివాను. కానీ శాలువా అడ్డొచ్చింది. "విదేశాల్లో స్నేహానికి వయసు పట్టింపులుండవమ్మా" అని సర్దిచెప్పేశాను. ఉత్తరం మాత్రం నా సంచిలో దాచాను. అంటే తప్పని నాకు తెలుసన్నమాట. తెలిసీ నోరు మూసుకున్నాను. నాకు నవ్వు రాదన్న చోటు ఇక్కడే మొదలవుతుంది.

ఆ తరవాత వారం ఒక సాయంత్రం, ఎస్తేరు సైకిలు మీద ట్యూషన్‌కి వెళ్తుంటే, దారిలో ఎవరో నలభయ్యేళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో మిఠాయి పెట్టె. "ఎస్తేర్?" అని పిలిచాడు. ఆ పిల్ల సైకిలు ఆపలేదు. "ఎస్తేర్ కౌన్? మాలూమ్ నహీ" అని, ఆ పేరే తెలీనట్టు, ట్యూషన్ వైపు తిరగకుండా తిన్నగా వర్క్‌షాపు గేటుకి తొక్కేసింది. సైరను మోగిన వేళ, గేటులోంచి వందలమంది బయటికొస్తున్నారు. వాళ్ళలో వాళ్ళ నాన్నని వెతికి పట్టుకుంది.

బాబాయి, నలుగురు ఫిట్టర్లు వెళ్ళేసరికి ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. టాటానగర్ నుంచి వచ్చాడట. భయపడలేదు సరికదా, జేబులోంచి ఆ పేజీని అచ్చువేసుకున్న కాగితం తీసి, "పిల్ల టీచరే రమ్మంది" అన్నాడట. వాణ్ణి ఠాణాకి లాక్కెళ్ళారు.

అక్కణ్ణించి బాబాయి మా ఇంటికొచ్చాడు. నూనె మరకల బట్టలతోనే, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"టీచరు గారున్నారా?"

"ఏటి బాబాయ్, టీచరు గారంటావేటి?" నవ్వబోయాను.

"నాకు ఇంగ్లీసు రాదండి. ఇందులో ఏటుందో తెలుగులో సదివి సెప్పండి."

కాగితం తీసుకున్నాను. నేను టైపు చేసిన మాటలే. లోపల్నించి మా అమ్మ కూడా వచ్చి నిలబడింది.

"ఎస్తేరు. వయసు పద్నాలుగు. ఇల్లు..."

"ఆపీకండి, సదవండి."

"...సాయంత్రం ఐదింటికి ఒక్కర్తే సైకిలు మీద మలంచా ట్యూషన్‌కి వెళ్తుంది. చాలా ధైర్యవంతురాలు."

"ఇంకా ఉన్నాదా?"

ఉంది. "మా ఊరు ఎప్పుడొచ్చినా మా ఇళ్ళ తలుపులు మీ కోసం తెరిచే ఉంటాయి. ఇట్లు, టీచర్ సత్యవతి."

మా అమ్మ అంది. "ఎవులింటి తలుపులే నువ్వు తెరిసినావు?"

నేను ఏడుపు మొదలెట్టాను. ఏడుపు మధ్యలో, ఆ సమయంలో కూడా, నా పీకులాట నాదే. "ఠాణాలో నా పేరు అడిగారా బాబాయ్?"

"అడిగినారు. రాసింది ఎవులని రెండుసార్లు అడిగినారు. కాగితం మడత పెట్టి జేబులో ఎట్టుకున్నాను. ఆడకూతురి పేరు ఠాణాలో ఎందుకని సెప్పనేదు."

అని ఆయన వెళ్ళిపోయాడు. కూతురి పేరు ఊరూరా చాటించిన దాని పేరుని ఆయన జేబులో దాచిపెట్టాడు. ఆ మాటతో నాకు ఏడుపు కూడా ఆగిపోయింది. ఏడవడానికి కూడా ఒక అర్హత ఉండాలి కదా.

తెల్లారగానే దాదా దుకాణం షట్టరు ముందు నిలబడ్డాను. కనెక్షను కుయ్యోమంటూ పట్టింది. పేజీ వరస వరసగా, నత్త మెట్లు దిగినట్టు దిగింది. తుడిపెయ్యమని నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. ఏడిళ్ళ అడ్రసులు ఊరందరికీ తెలిసేలా రాసిన నేను, ఆ ఒక్క మాటా ఎవరికీ తెలియకూడదని ఎంత గుట్టుగా పెట్టానంటే, నాక్కూడా గుర్తు లేదు! నాలుగు గంటలు కుస్తీ పట్టాను. చివరికి తట్టింది, "మెరూన్". ఏడు పేర్లూ తుడిపేశాను. దాదా ఒక్క మాట కూడా అనకుండా టీ తెప్పించాడు. ఏమైనా అంటే బాగుండేది.

సంచిలో దాచిన ఉత్తరం తీసుకెళ్ళి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఏడిళ్ళకీ వెళ్ళి జరిగింది చెప్పాను. పార్వతి వాళ్ళ నాన్న తలుపు మొహం మీదే వేశాడు, న్యాయమే. అందరూ పిల్లల్ని కంప్యూటర్ క్లాసు మానిపించేశారు. నన్ను అన్నిటికంటే కోసింది అది. తప్పు నాది, చదువు పోయింది వాళ్ళకి.

ఎస్తేరు దగ్గరికి వెళ్ళి, "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నేనే వినలేదు" అన్నాను. ఆ పిల్ల తల్లి రూతమ్మ పిన్ని చేట పక్కన పెట్టి, "క్లాసు మానిపిస్తే రేపు ఇంకోడెవుడో నేర్పుతాడు. ఆడేటి నేర్పుతాడో ఎవులికి తెలుసు? దీని పక్కన నానొచ్చి కూకుంటాను. మిగిలిన పిల్లల అమ్మల్ని కూడా తెస్తాను" అంది.

తెచ్చింది కూడా. వారం తిరిగేసరికి నా క్లాసులో ఏడుగురు పిల్లలు, వాళ్ళ వెనక ఏడుగురు తల్లులు. పార్వతి వాళ్ళమ్మ నా వైపు చూడకుండా కూర్చుంది, అయినా వచ్చింది. నేను గొంతు సవరించుకుని, లోకజ్ఞానమంతా కూడగట్టి, కొత్తవాళ్ళతో ఎలా మెలగాలో చెప్పడం మొదలుపెట్టాను. ముందు అభ్యాసం కోసం తెర మీద ఒక దరఖాస్తు తయారు చేసి పెట్టాను. ఎస్తేరు ఒక్కొక్క గడీ చదివి తల్లికి తెలుగులో చెబుతోంది.

"అమ్మా, పేరేటని అడుగుతంది."

రూతమ్మ పిన్ని తెర వైపు ఎగాదిగా చూసింది. "వయసు కూడా అడుగుతందా?"

"అడుగుతంది. ఇంటి నంబరు కూడా."

"వూరూ పేరూ నేని దానికి మన ఇంటి నంబరు దేనికే? 'ముందు నువ్వెవులివో సెప్పు' అని రాయి."

పద్నాలుగు మందీ ఘొల్లున నవ్వారు. నేను గంటసేపు చెప్పాలని రాత్రంతా కూర్చుని రాసుకున్న పాఠం అంతటితో అయిపోయింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, సత్యవతి అను నేను త్రికరణశుద్ధిగా ప్రమాణం చేయునది ఏమనగా: నా కంఠంలో ప్రాణముండగా, ఒకరి బిడ్డ తరఫున లోకానికి ఆహ్వానం పంపను. ఈ ప్రమాణాన్ని అందరికంటే గట్టిగా నమ్మింది మా అమ్మ. ఆ తరవాతెప్పుడో నా పెళ్ళి కుదిరితే, శుభలేఖల మీద అడ్రసులు నన్ను రాయనివ్వలేదు.