కుడి చెయ్యి అంగుళం తక్కువ

ముందే చెబుతున్నాను. ఇది నాకు జరిగింది. కల కాదు, జ్వరం కాదు, పక్కింటావిడ చెప్పగా విన్నదీ కాదు. బీఎస్సీ ఫిజిక్సు చదివినదాన్ని. దెయ్యాల మాటెత్తితే ఎదుటివాళ్ళు లేచిపోయేదాకా వాదించే మనిషిని. తిరువూరులో మా వీధి మొత్తానికీ ఆ సంగతి తెలుసు. అలాంటి నేను... ఆ రాత్రి నోరు పెగలక పడి ఉన్నాను. నమ్మకపోతే మానేయండి. కానీ చివరిదాకా వినకుండా మాత్రం నాతో వాదనకి రావద్దు.

మా అమ్మాయి హారిక విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. దానికి వీడియో గేముల పిచ్చి. వేసవిలో దాని స్నేహితురాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ అన్నాను, "బొమ్మలతో కొట్టుకునేదానికి ఇంజనీరింగ్ ఎందుకే, అంగన్‌వాడీలో వేస్తే సరిపోయేది" అని. నాకది మామూలు మాట. అది మాత్రం ఆ రోజు నుంచి నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. దసరాకీ రాలేదు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసేది. నేను తీసుకుంటే పెట్టేసేది.

అలాంటిది ఒక రోజు మెసేజ్ వచ్చింది. "అమ్మా, ఒక డ్రెస్ కుట్టిపెడతావా?"

ఆ ఒక్క లైను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే పరువు పోతుంది.

కాలేజీ ఫెస్టులో గేముల్లోని వేషాలు వేసుకునే పోటీ ఉందట. దీని వేషం ఒక వంతెనకి కాపలా కాసే ఆడమనిషి. మోకాళ్ళ దాకా ముదురు నీలం కోటు, భుజాల మీద కవచాలు, చేతుల పొడవునా వెండి పొలుసులు. బొమ్మ పంపింది. "కాపలాదానికి ఇన్ని పొలుసులెందుకే, చేపల మార్కెట్‌కి కాపలానా?" అని టైపు చేసి... చెరిపేశాను. "సరే" అని మాత్రం పంపాను. ఈసారి ఈ పిల్ల నా నోటి వల్ల పోకూడదు. అంతే నా పట్టుదల.

నాకు కుట్టు నేర్పింది ఖాజాబీ అక్క. బజారులో ముప్పయ్యేళ్ళ నుంచి ఆవిడదే మిషను. మొదటి రోజే నాకొక మాట చెప్పింది. "ఇదిగో శారదా, నువ్వు మొగుడితో వాదించుకో, అత్తతో వాదించుకో. ఆదితో మాత్రం వాదించకు. ఆది ఎలా ఉంటే అలా కొయ్యి. నీ తెలివి అక్కడ వాడకు." ఆది అంటే తెలుసుగా, కొలత కోసం ఇచ్చే పాత బట్ట. మనిషి ఎదురుగా లేకపోతే ఆదే మనిషి.

హారిక హాస్టల్లో ఉందాయె. "నా బీరువాలో నీలం టాప్ ఉంది, అదే ఆదిగా పెట్టుకో" అని మెసేజ్ పెట్టింది. కింద అరలో కనిపించింది. తీశాను. నేల మీద పరిచి టేపు పెట్టాను. ఎడమ చెయ్యి సరిగ్గానే ఉంది. కుడి చెయ్యి... అంగుళం తక్కువ. మళ్ళీ కొలిచాను. అంగుళం తక్కువే. ఎవడో ఏబ్రాసి టైలరు కుట్టాడు అనుకున్నాను. సరిచేద్దామని చాక్‌పీసు ఎత్తాను కూడా. ఖాజాబీ అక్క మాట గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి వాదించకుండా ఊరుకున్నాను. అలాగే కోశాను.

యోగా చాపని కత్తిరించి భుజాల కవచాలు చేశాను. కోటు కుట్టడం ముగించాను. పొలుసులు మాత్రం తానే గీస్తానంది హారిక. పోటీకి ముందురోజు రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగింది. మా ఆయన పెనుగొలనులో వాళ్ళన్నయ్య గారింటికి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే.

కోటు తొడుక్కుంది. అద్దం ముందు నిలబడింది. కుడి చేతి మణికట్టు బయటికి వచ్చేసింది.

"అమ్మా, ఇదేంటి? ఒక చెయ్యి పొట్టిగా కుట్టావ్?"

"నీ ఆదే అలా ఉంది తల్లీ. నన్నంటావేంటి?"

"ఏదీ, చూపించు."

తెచ్చి చూపించాను. అది నవ్వింది. "ఇది నాది కాదమ్మా. నాది పై అరలో ఉంది. ఇది రెడ్డిగూడెంలో అమ్మమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. గుండీలు బాగున్నాయని తెచ్చుకున్నా."

నా చేతుల్లో ఆ బట్ట... అప్పుడు చూశాను దాన్ని. అంటే, అప్పుడే నిజంగా చూశాను.

అది పద్మది.

పద్మ నా చెల్లెలు. పదేళ్ళప్పుడు రెడ్డిగూడెంలో మామిడిచెట్టు మీద నుంచి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. సరిగ్గా అతకలేదు. ఆ చెయ్యి పూర్తిగా చాపలేకపోయేది, పూర్తిగా మడవలేకపోయేది. అందుకే దాని బట్టలన్నిటికీ కుడి చెయ్యి అంగుళం తక్కువ పెట్టించేవాళ్ళం. ఇరవయ్యేళ్ళకి విషజ్వరం వచ్చి చనిపోయింది. బట్టలన్నీ పంచేశామనుకున్నాం. ఇదొక్కటి ఎలా మిగిలిందో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పోవడానికి నెల ముందు అది నా దగ్గరికి గుడ్డ తెచ్చింది. కాలేజీ వార్షికోత్సవంలో నాటకమట, అందులో తను సేనాధిపతి అట. వేషం కుట్టిపెట్టమంది. నాకప్పుడు కొత్తగా కుట్టొచ్చిన గీర. ఏదో చిన్న మాట మీద మాట పెరిగింది. "వంకర చెయ్యేసుకుని నీకు వేషాలెందుకే" అన్నాను. అది ఏడవలేదు. గుడ్డ మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. అంతే.

ఇదేమీ హారికకి చెప్పలేదు. "పట్టీ వేసి సరిచేస్తాలే" అన్నాను. కుడి చేతి చివర అంగుళం పట్టీ అతికాను. తర్వాత ఇద్దరం నేల మీద కూర్చుని రంగు వేశాం. అది చాక్‌పీసుతో పొలుసు గీస్తుంది, నేను వెండి రంగు నింపుతాను. దాని చెంపకి రంగంటింది. నేను నవ్వాను. అదీ నవ్వింది. నాలుగు నెలల తర్వాత. పన్నెండు దాటాక కోటుని ముందు గదిలో పేపర్ల మీద పరిచాను. రెండు చేతులూ బారుగా చాపి పెట్టాను. ఫ్యాను వేశాను. హారిక లోపలి గదిలో పడుకుంది. పొద్దున్నే ఫస్టు బస్సు. నేను రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర చాప వేసుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. నన్ను దాటకుండా లోపలివాళ్ళు ముందు గదిలోకి రాలేరు. వీధి తలుపుకి గడియ నేనే పెట్టాను.

ఎంతసేపు నిద్రపోయానో తెలియదు.

చిట్...

కళ్ళు తెరిచాను. ఫ్యాను తిరుగుతోంది. రంగు వాసన.

చిట్... చిట్...

బల్లి అనుకున్నాను. కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. వారం ముందు ఒక ముక్క మీద రంగు వేసి చూసుకున్నాను. అలా పరిచి ఉంచితే ఏమీ కాలేదు. ఆరాక మడిస్తే... అదిగో, సరిగ్గా అలాగే చిట్లింది. మడిస్తేనే.

పేపర్లు కదిలాయి. ఫ్యాను గాలికి రెపరెపలాడినట్టు కాదు. మెల్లగా... బరువు మీద నుంచి లేచినట్టు.

తల తిప్పితే ఆ గది కనిపిస్తుంది. మూరెడు దూరం. తల తిప్పలేదు. ఇదంతా నా భ్రమ అని నాకు నేనే వాదించుకుంటున్నాను లోపల. చల్లబడితే రంగు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే పగులుతుంది... ఫిజిక్సు. అంతా ఫిజిక్సే.

చిట్... చిట్... చిట్...

తర్వాత నిశ్శబ్దం. చాలాసేపు.

ఆ నిశ్శబ్దంలో... ఎలా చెప్పను... అద్దం ముందు ఎవరైనా నిలబడి, అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకునేటప్పుడు మనం పక్కనే ఊపిరి బిగబట్టి ఉంటాం చూడండి, బాగుందంటారో లేదో అని. సరిగ్గా అలా ఉంది నాకు. భయం కాదు. భయం కూడా. కానీ ముందు అది.

"ఎవరు?" అందామనుకున్నాను. రాలేదు. ఇన్నేళ్ళు అందరి మీదా ఆడిన నోరు... రాలేదు.

పేపర్లు మళ్ళీ చప్పుడయ్యాయి. ఈసారి కిందికి.

ఎంతసేపటికో ఫోన్ టార్చి వేశాను. వెలుతురు గోడ మీద పడింది, అద్దం మీద పడింది, అప్పుడు నేల మీద పడింది. కోటు నేను పెట్టినట్టే ఉంది. రెండు చేతులూ బారుగా చాపి. గడియ వేసినట్టే ఉంది. దగ్గరికి వెళ్ళి వంగాను.

ఎడమ మోచేతి దగ్గర రంగు పగిలింది. ఏడెనిమిది గీతలు, లోతుగా, చెయ్యి పూర్తిగా మడిస్తే పడేటట్టు.

కుడి మోచేతి దగ్గర... ఒకటే గీత. పైపైన. సగం మడిచి ఆగిపోయినట్టు.

లోపలికి వెళ్ళి హారిక చేతులు చూశాను. రంగు లేదు. గురకపెట్టి నిద్రపోతోంది. ఫొటో తియ్యాల్సింది అంటారేమో. ఆ వేళప్పుడు అక్కడ నిలబడి ఫొటో తీసే గుండె మీకుంటే మీరే రండి.

తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. ఒకటే భయం. దెయ్యం భయం కాదు. రంగు పగిలిన కోటు చూసి పిల్ల నన్నేమంటుందో, మళ్ళీ ఎన్ని నెలలు మాట్లాడదో అని. అది లేచి వచ్చింది. కోటు ఎత్తింది. వెలుతురులో పెట్టి మోచేతులు చూసింది.

"అమ్మా..."

"అదీ... రాత్రి..."

"అబ్బ, ఎంత బాగుందమ్మా! నిజంగా యుద్ధాలు చేసిన కోటులా ఉంది. ఇలా చెయ్యాలని నీకెలా తెలిసింది?"

మెచ్చుకోలు ఎవరిదైనా నా ఖాతాలో వేసుకునే మనిషిని. ఆ రోజు "నేనే" అనలేకపోయాను. "బస్సు టైమవుతోంది, పద" అన్నాను. బస్టాండులో ఎక్కబోతూ వెనక్కి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ప్రైజు రాలేదు. అయినా మరుసటి వారం ఇంటికొచ్చింది. ఆ తర్వాతా వస్తోంది.

ఖాజాబీ అక్కకి ఒక్కదానికే చెప్పాను. ఆవిడ మిషను ఆపకుండానే విన్నది.

"చిక్కగా పూసుంటావ్. ఆరేటప్పుడు పగిలింది. అంతేగా?"

"మరి కుడి చెయ్యి ఎందుకు సగమే పగిలిందక్కా?"

మిషను ఆగింది. ఆవిడ నా వైపు చూడలేదు. "పనయ్యాక ఆది ఎవరిది వాళ్ళకిచ్చెయ్యాలమ్మా. మన దగ్గర ఉంచుకోకూడదు" అంది. మళ్ళీ మిషను తొక్కింది.

ఎవరికివ్వను?

హారిక రోజంతా ఆ కోటు వేసుకుని తిరిగింది కాబట్టి ఇప్పుడు రెండు మోచేతులూ ఒకేలా పగిలి ఉన్నాయి. మీకు చూపించడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. వాదనలో నేనే ఓడిపోతాను, తెలుసు. ఓడిపోనివ్వండి.

ఆ నీలం టాప్ మిషను పక్కన మేకుకి వేలాడుతోంది. దాని పక్కన సేనాధిపతి వేషానికని ఇంకో గుడ్డ కూడా కొని పెట్టాను. కోశాను కూడా. కుడి చెయ్యి అంగుళం తక్కువ. కుట్టాలంటే మాత్రం చెయ్యి ఆడటం లేదు. ఆ రాత్రి వచ్చింది పద్మేనా, కాదా? అదే అయితే... ట్రయలు వేసుకుని చూసిన మనిషి సరిపోయిందో లేదో ఒక మాట చెప్పి వెళ్ళాలి కదండీ.

చెప్పలేదు.